అరటితొక్కకు పట్టిన సీసం ఎటు పోతుంది?

మొన్న శ్రావణ శుక్రవారం నాడు మా మరదలు పేరంటానికి పిలిస్తే వెళ్లాను. మరదలంటే మా పిన్ని కొడుకు భార్య. ఊరి శివారులో, ఫ్యాక్టరీల గోడలకు ఆనుకుని మొలిచిన కాలనీలో అద్దెకుంటున్నారు. బస్సు దిగి చాలా దూరం నడిచానేమో, దాహమేసి తిన్నగా వంటింట్లోకి పోయి స్టీలు డ్రమ్ము మూత తీశాను. నీళ్లలో నాలుగు అరటితొక్కలు తేలుతున్నాయి. తాంబూలంలోకి తెచ్చిన పళ్ల తొక్కలు పొరపాటున పడ్డాయేమోనని చెయ్యి పెట్టబోయాను.

"తియ్యకు వదినా! నేనే ఏసిన. రాత్రంత ఉంటే నీళ్లల్ల సీసం గీసం అన్నీ గుంజుకుంటదట. ఫోన్ల చూసిన" అంది.

పిల్లకు ఐదో నెల. పెద్దవాడికి నాలుగేళ్లు. బోరు నీళ్లు పట్టి ఉంచితే పొద్దుటికి పైన పసుపుపచ్చటి తెట్టు కడుతుందట. వాన పడిన మర్నాడు వాసన. తాగడానికి క్యాన్ నీళ్లు కొంటున్నారు గానీ అన్నానికీ పప్పుకీ పాలపొడి కలపడానికీ బోరే గతి. "కడుపుల బిడ్డ ఉన్నది గద, భయమైతది" అంది.

ఇదంతా చాదస్తమని నవ్వేసి ఊరుకోవచ్చు. నాకు నవ్వు రాలేదు. 2020 డిసెంబరులో ఏలూరులో ఏం జరిగిందో మనమెవరం మర్చిపోలేదు. నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే మూర్ఛ వచ్చి పడిపోయారు. నాలుగైదు రోజుల్లో ఐదు వందల మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు రక్తం పరీక్షిస్తే సీసం, నికెల్ కనబడ్డాయన్నారు. తర్వాత పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపించారు. నీళ్లా, కూరగాయలా అని వాళ్లు తేల్చేలోపు ఆ ఊళ్లో ప్రతి ఇల్లాలూ తన బిందెనే అనుమానంగా చూసుకుంది. మా మరదలు చేస్తున్నదీ అదే.

నేను ఇంటికొచ్చేశాను గానీ ఆ తొక్కలు మనసులోంచి పోలేదు. ఎందుకంటే ఆమె విన్నది పూర్తిగా అబద్ధం కాదు. పూర్తిగా అబద్ధమైతే ఈ వ్యాసం రాయాల్సిన పనే ఉండేది కాదు.

నిజమెంత?

సీసం, కాడ్మియం, పాదరసం, క్రోమియం, నికెల్ వంటివాటిని భారలోహాలంటారు. ఆర్సెనిక్ నిక్కచ్చిగా లోహం కాకపోయినా చేసే చెరుపును బట్టి దాన్నీ ఈ గుంపులోనే చేరుస్తారు. ఇవి నీళ్లలో కరిగి ఉంటే రంగు తెలియదు, రుచి తెలియదు. మరగబెడితే పోవు. పైగా నీళ్లు ఇగిరే కొద్దీ మిగిలిన నీళ్లలో వాటి పాలు పెరుగుతుంది. క్రిములకు పనికొచ్చే మన పాత మందు ఇక్కడ ఎదురు తిరుగుతుందన్నమాట.

లీటరు తాగునీటిలో సీసం 0.01 మిల్లీగ్రాము దాటకూడదని మన భారత ప్రమాణం. కాడ్మియం 0.003. ఈ అంకెలు కంటికి ఆనవు కాబట్టి ఇలా అనుకుందాం. మేడ మీద ఉండే వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు మొత్తంలో సీసం పది మిల్లీగ్రాములు దాటకూడదు. అది ఒక బియ్యపు గింజలో సగం బరువు. ఆ అరగింజ ఉందో లేదో ఏ ఇల్లాలు కళ్లతో చూసి చెప్పగలదు?

ఇక తొక్క సంగతి. పండ్ల తొక్కల్లో పెక్టిన్ అనే పదార్థం ఉంటుంది. జామ్ గడ్డకట్టేది దీనివల్లే. దాంతోపాటు పీచు, వగరునిచ్చే టానిన్లు ఉంటాయి. నీళ్లలో కరిగిన సీసానికి ధన విద్యుదావేశం, తొక్కలోని ఈ పదార్థాల్లో చాలాచోట్ల ఋణావేశం. ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. తొక్కలో ఉన్న కాల్షియం లాంటివి కొంచెం నీళ్లలోకి వదిలి, ఆ చోట సీసం కూర్చుంటుంది. మంత్రం కాదు, మార్పిడి.

2011లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు అరటితొక్కల్ని ఎండబెట్టి పొడి చేసి పరానా నది నీళ్లతో పరీక్షించారు. రాగిని, సీసాన్ని ఆ పొడి బాగా పట్టింది. కడిగి కడిగి పదకొండుసార్లు వాడినా పనిచేసింది. 2013లో సింగపూర్ నేషనల్ యూనివర్సిటీలో రామకృష్ణ మల్లంపాటి అనే పరిశోధక విద్యార్థి ఆపిల్, టమాటా తొక్కలతో ఇదే పని చేసి చూపించాడు. పేరు చదవగానే మనవాడే కాబోలని నాకు చిన్న సంతోషం. 2016లో ఇటలీ వాళ్లు వాడేసిన కాఫీ పిప్పిని రబ్బరు లాంటి స్పాంజిలో కలిపి నీళ్లలో పడేస్తే సీసం, పాదరసం తొంభై తొమ్మిది శాతం దాకా పోయాయన్నారు.

అన్నింటికన్నా నన్ను ఆకట్టుకున్నది వేరుశనగ చెక్క. గానుగలో నూనె తీశాక మిగిలే చెక్క, మనం గేదెలకు నానబెట్టి పెట్టేది. సింగపూర్‌లోని నాన్యాంగ్ విశ్వవిద్యాలయం, స్విట్జర్లాండులోని ఈటీహెచ్ జ్యూరిక్ వాళ్లు కలిసి పొద్దుతిరుగుడు చెక్కలోంచి, వేరుశనగ చెక్కలోంచి ప్రోటీన్ తీసి, దాన్ని సన్నటి నూలుపోగుల్లా మార్చి వడపోత పొర తయారు చేశారు. 2022లో ఆ కబురు బయటికొచ్చింది. పదహారు కిలోల పొద్దుతిరుగుడు ప్రోటీన్ ఉంటే, లీటరుకు 0.4 మిల్లీగ్రాముల సీసం ఉన్న ఒక ఒలింపిక్ ఈతకొలను నీళ్లను తాగునీళ్లుగా మార్చవచ్చని వాళ్ల లెక్క. అనంతపురం జిల్లా మనిషి ఎవరైనా ఇది వింటే ఒక్క క్షణం చేలవైపు చూస్తారు.

మనకూ ఇలాంటి తెలివి కొత్త కాదు. వాగు నీళ్లు మురికిగా ఉంటే కుండ లోపల చిల్లగింజ అరగదీసి పోసేవాళ్లు మన అమ్మమ్మలు. మునగ గింజల పొడి కూడా మురికిని అడుక్కి దింపుతుంది. అయితే వాళ్లు దింపింది మట్టిని. మట్టి కంటికి కనిపిస్తుంది, దిగిందో లేదో తెలుస్తుంది. సీసంతో ఆ సౌకర్యం లేదు.

తొంభై తొమ్మిది శాతమంటే చాలదా?

ఈ శాతాల దగ్గరే మనల్ని బోల్తా కొట్టిస్తారు. నీళ్లలో సీసం లీటరుకు 10 మిల్లీగ్రాములు ఉందనుకోండి. తొంభై తొమ్మిది శాతం పోయింది. మిగిలింది 0.1. పరిమితి ఎంత? 0.01. అంటే "99 శాతం శుద్ధి" అని అట్ట మీద అచ్చేసుకున్నాక కూడా ఆ నీళ్లలో ఉండాల్సినదానికి పదింతల సీసం ఉంది. ఎంత పోయిందన్నది కాదు, ఎంత మిగిలిందన్నది అడగాలి. చీటీపాట వాళ్లను మనం అడిగేదీ అదే కదా!

టీ సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం వాళ్లు టీ ఆకు కూడా లోహాలను పట్టుకుంటుందని 2025లో చెప్పారు. ఒక కప్పు నీళ్లలో ఒక టీ సంచి మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచితే సీసంలో పదిహేను శాతం దాకా ఆకుకు అంటుకుంటుందట. పత్రికల్లో ఈ వార్త రాగానే "టీ తాగండి, సీసం పోగొట్టుకోండి" అన్నంత హడావుడి చేశారు. పదిహేను పోతే ఎనభై ఐదు కప్పులోనే ఉంది తల్లీ! పరిమితికి పదింతలున్న నీళ్లు ఎనిమిదిన్నర ఇంతలవుతాయి. శాస్త్రవేత్తలు చేసిన పని మంచిదే. దాన్ని వంటింటి చిట్కాగా మార్చి అమ్మిన తీరే బాగోలేదు.

మరదలు డ్రమ్ములో జరుగుతున్నది ప్రయోగశాలలో జరిగిందాంతో పోలదు. అక్కడ తొక్కల్ని ఎండబెట్టి, దంచి, జల్లించి, తూచి, నీటి పులుపును సరిచేసి, ఇంతసేపని గడియారం చూసి కలిపి, చివర వడకట్టారు. నీళ్లలో పులుపు ఎక్కువైతే తొక్క పట్టు సడలుతుంది. అసలు పట్టిన లోహాన్ని వదిలించడానికి వాళ్లు వాడేది పలచటి ఆమ్లమే. ఇత్తడి బిందెకు పట్టిన చిలుమును చింతపండు ఎలా లాగేస్తుందో అలాగన్నమాట. మా పిల్ల వేసింది పచ్చి తొక్క, ముక్కలైనా చేయకుండా. అందులోంచి చక్కెరలు, రంగు, మిగిలిన పురుగుమందు నీళ్లలోకి దిగుతాయి. రాత్రంతా నానితే క్రిములకు పండగ. సీసం పోయిందో లేదో చెప్పలేం గానీ నాలుగేళ్ల వాడికి విరేచనాలు పట్టుకోవడానికి ఆ డ్రమ్ము చాలు.

ఇంకో ప్రమాదం ఉంది. తొక్క నిండిపోయినా మనకు చెప్పదు. బెల్లం డబ్బా ఖాళీ అయితే కనిపిస్తుంది, గ్యాసు అయిపోతే పొయ్యి ఆరిపోతుంది. ఇక పట్టుకోలేనని తొక్క అనదు. ఏమీ చేయనివాళ్లు కనీసం భయపడుతూ ఉంటారు, జాగ్రత్తగా ఉంటారు. తొక్క వేసినవాళ్లకు ఆ భయం కూడా పోతుంది.

మేక కడుపులోకి

ఆ రోజు వచ్చేస్తుంటే గుమ్మం దగ్గర మరదలు ఒక మాట అడిగింది. "అన్ని గుంజుకున్నంక ఈ తొక్కల్ని ఏడ పారెయ్యాలె వదినా? రోజూ కిందింటోళ్ల మేకకు ఏస్తున్న."

ఇన్ని పరిశోధనల గురించి చదివాక కూడా నాకు వాటన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే అనిపిస్తోంది. లోహం మాయం కాదు. కాలిస్తే బూడిదలో ఉంటుంది, కుళ్లితే మట్టిలో ఉంటుంది, మేక తింటే మేకలో ఉంటుంది. నీళ్లలోంచి తొక్కలోకి ఇల్లు మారిందంతే. ఈతకొలను లెక్కనే మళ్లీ తీయండి. కొలనులో పాతిక లక్షల లీటర్లు. లీటరుకు 0.4 మిల్లీగ్రాములంటే మొత్తం కిలో సీసం. పదహారు కిలోల ప్రోటీన్ ఒక కిలో సీసాన్ని మోస్తూ కూర్చుంటుంది. ఆ మూటను ఎవరెత్తాలి? ఎక్కడ దించాలి?

ఖరీదైన లోహాలైతే వాడేసిన పొరను కాల్చి వెండి, ప్లాటినం తిరిగి తీసుకోవచ్చని ఆ శాస్త్రవేత్తలే అన్నారు. సీసం కోసం, క్రోమియం కోసం అంత ఆరాటపడేదెవరు? మన ఊళ్లలో తొక్కలన్నీ తడిచెత్త బుట్టలోకి పోతాయి. తడిచెత్త ఎరువవుతుంది, ఎరువు ఆకుకూరల మడికి పోతుంది. మడి దగ్గర వంగి పనిచేసేది మళ్లీ ఆడదే. సంచిలో తోటకూర వేసుకొచ్చేదీ మనమే. ఒక కప్పు టీ పిప్పి కరివేపాకు మొక్క మొదట్లో వేస్తే కొంపలేం మునగవు, అందులో ఉండేది అణుమాత్రం. కానీ ఒక ఫ్యాక్టరీ నీళ్లను తొక్కలతో కడిగి ఆ తొక్కల్ని ఎరువుల గుంటలో కలిపితే వ్యవహారం వేరు.

అసలు "ఆహార వ్యర్థం" అనే మాటే నాకు కొంచెం పట్నపు మాటలా వినిపిస్తుంది. పల్లెలో చెక్క గేదెకు పోతుంది, తవుడు కోళ్లకు పోతుంది, ఊక పొయ్యిలోకీ ఇటుక బట్టీలోకీ పోతుంది, తొక్క మేకకు పోతుంది. వేరుశనగ చెక్కను వడపోతలకు కొనేస్తే పాడి మీద బతికే ఆడవాళ్లు దేన్ని కొంటారు? నిజంగా మిగిలిపోయి కుళ్లేవి పట్నాల్లో ఉన్నాయి. హైదరాబాదు బోయినపల్లి మార్కెట్లో రోజుకు పది టన్నుల కూరగాయల చెత్తతో ఐదు వందల యూనిట్ల కరెంటు తీసే ఏర్పాటు గురించి 2021లో దేశమంతా విన్నది. చెత్తను ఒకచోట చేర్చడం మనవల్ల కాని పని కాదని దానితో తేలింది. పళ్లరసాల ఫ్యాక్టరీల తొక్కలు, రైసుమిల్లుల ఊకబూడిద, కోనసీమ కొబ్బరి చిప్పలు కావలసినన్ని ఉన్నాయి. కొబ్బరి చిప్పల బొగ్గు ఇప్పటికే నీటి ఫిల్టర్లలో వాడుతున్నారు. కొదవ సరుకుకు కాదు.

నల్లగొండ పేరున్న పద్ధతి

వంటింట్లో నీళ్లు బాగుచేసుకోమని ఆడవాళ్లకు చెప్పడం ఇదే మొదలు కాదు. ప్రపంచంలో ఫ్లోరైడ్ గురించి చదివే ప్రతివాళ్లకూ "నల్లగొండ టెక్నిక్" తెలుసు. నాగపూర్‌లోని నీరీ సంస్థ తయారు చేసిన పద్ధతి అది. ఫ్లోరైడ్ భారలోహం కాదు, ఆ పద్ధతిలో వాడేది తొక్కలూ కాదు. కానీ కథ మాత్రం ఇదే. బకెట్లో పటిక, సున్నం, బ్లీచింగు పౌడరు కలిపి, కొన్ని నిమిషాలు నెమ్మదిగా తిప్పి, గంటసేపు తేరనిచ్చి, పైనీళ్లు వంచుకోవాలి. చవక, కరెంటక్కర్లేదు, శాస్త్రం తప్పు లేదు.

మరి నల్లగొండ కాళ్లు ఎందుకు వంకర్లు తిరగడం మానలేదు? ఏ బోరులో ఫ్లోరైడ్ ఎంతుందో దాన్నిబట్టి పటిక కొలత మారాలి. ఆ కొలత చెప్పేదెవరు? తెల్లారి లేచి నాట్లకు పోవాల్సిన మనిషి రోజూ బకెట్ల కొద్దీ కలుపుతూ కూర్చుంటుందా? అడుగున దిగిన బురదంతా, అదే ఫ్లోరైడ్ నిండిన బురద, పెరట్లో పోస్తే ఎక్కడికి పోతుంది? పటిక ఎక్కువైతే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది. ఇన్ని బాధ్యతలు ఒక బకెట్ మీద, ఆ బకెట్ ఒక ఇల్లాలి మీద పెట్టారు. చివరికి చాలా ఊళ్లకు ఊరట దొరికింది బకెట్లతో కాదు, కృష్ణా నీళ్లు పైపుల్లో వచ్చాకే. 2016 నుంచి మిషన్ భగీరథ కింద జరిగింది అదే. మంచి నీళ్లు తేవడం సర్కారు పనిగా చేశాక కుదిరిన పని, ఆడవాళ్ల ఓపిక మీద పెట్టినన్నాళ్లూ కుదరలేదు.

గేటు లోపల

అయితే ఈ తొక్కలూ పిప్పీ పనికిరావని నేననడం లేదు. పనికొచ్చే చోటు వేరే ఉంది. బాలానగర్ లాంటి పారిశ్రామికవాడల్లో నికెల్, క్రోమియం పూతపూసే చిన్నచిన్న షెడ్లున్నాయి. వాటి నీళ్లలో ఏ లోహం ఉందో యజమానికి ముందే తెలుసు, రోజూ అదే లోహం, చిక్కగా ఉంటుంది. శుద్ధియంత్రాలు కొనే తాహతు లేదని వాళ్లు చెప్పే సాకు కొంతవరకు నిజం కూడా. ఊకబూడిదో తొక్కపొడో నింపిన తొట్టెలు వాళ్లకు చవకలో పడతాయి. తొట్టె నిండిందో లేదో వారం వారం పరీక్ష చేయించవచ్చు. నిండినదాన్ని ప్రమాదకర వ్యర్థంగా లెక్క రాసి, సంతకం పెట్టి, దుండిగల్లో అలాంటివాటిని పూడ్చే చోటికి పంపాలి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలున్నది ఇందుకే. మేక నోటికి అందకుండా చేసే దారి ఇదొక్కటే నాకు కనిపిస్తోంది.

గేటు దాటి వాగులో కలిశాక అదే లోహాన్ని పట్టుకోవడం ఎంత కష్టమో పటాన్‌చెరు వాళ్లనడగాలి. నక్కవాగు మంజీరలో కలుస్తుంది. ఫ్యాక్టరీల నీళ్లు వాగులోకి, వాగు నీళ్లు పొలాల్లోకి. 1990లో సుప్రీంకోర్టు మెట్లెక్కిన ఆ కేసు ఏళ్ల తరబడి సాగి, తర్వాత హరిత ట్రిబ్యునల్‌కు బదిలీ అయింది. అక్కడి డాక్టరు అల్లాని కిషన్‌రావు గారు తన దగ్గరకొచ్చే రోగుల్ని చూసీ చూసీ ఈ పోరాటంలో దిగారు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వాళ్లు 2001లో అచ్చేసిన పరిశోధనలో ఆ నేలలో క్రోమియం, నికెల్, సీసం, ఆర్సెనిక్ ఎక్కువగా ఉన్నాయని తేల్చారు. శుద్ధి కేంద్రం పెట్టారు. ఆ తర్వాత శుద్ధి చేసిన నీళ్లను పద్దెనిమిది కిలోమీటర్ల పైపు వేసి అంబర్‌పేట శుద్ధి కేంద్రం మీదుగా మూసీలోకి మళ్లించారు. నక్కవాగు భారం తగ్గింది, నిజమే. మూసీ ఒడ్డున గడ్డీ ఆకుకూరలూ పండించే ఆడవాళ్లను మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు. ఇదీ తొక్క కథే, కాకపోతే తొక్క పద్దెనిమిది కిలోమీటర్ల పొడుగుంది.

పాడు చేసినవాళ్లే బాగుచేసే ఖర్చు భరించాలని 1996లో సుప్రీంకోర్టు వెల్లూరు తోళ్ల పరిశ్రమల కేసులో స్పష్టంగా చెప్పింది. ఆ మాటను అరటితొక్కతో పోల్చి చూడండి. తొక్క ఎవరిది? మనది. డ్రమ్ము మనది, రాత్రంతా కాపలా మనది, తప్పు జరిగితే నింద కూడా మనదే: "సరిగ్గా నానబెట్టలేదేమో!" సీసం మాత్రం మనది కాదు.

అందుకే ఈ చిట్కాల వీడియోలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. ఇంతవరకైతే ఫరవాలేదనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. 2020లో యునిసెఫ్ వేసిన లెక్క ప్రకారం మన దేశంలో ఇరవై ఏడు కోట్లకు పైగా పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా ఉంది. అదంతా నీళ్లవల్లే కాదు, పాత బ్యాటరీలు కరిగించే చోట్లు, రంగులు, మసాలాల్లో కల్తీ కూడా ఉన్నాయి. ఒంట్లో ఇనుము, కాల్షియం తక్కువైతే సీసం ఇంకా ఎక్కువ ఇంకుతుంది. 2019-21 సర్వేలో మన ఆడవాళ్లలో 57 శాతానికి రక్తహీనత. సీసం ఎముకల్లో కాల్షియంలా నటిస్తూ ఏళ్ల తరబడి దాక్కుని, కడుపుతో ఉన్నప్పుడు బిడ్డ కోసం ఎముక కరిగితే దాంతోపాటు బయటికొస్తుంది. తల్లి చిన్నప్పుడు తాగిన నీళ్లు బిడ్డకు చేరతాయన్నమాట. ఐదో నెల పిల్లకు ఒక తొక్క ఇచ్చి ధైర్యంగా ఉండమనడం నాకు చేతకాలేదు.

నాలుగు రోజుల తర్వాత మళ్లీ వెళ్లాను. తొక్కలు తీయించాను. ఆ డ్రమ్ము నీళ్లు చెట్లకు పోస్తానంటే వద్దని బాత్రూములో పారబోయించాను. అదీ మురుగులోకే పోయిందిలెండి, నాకూ వేరే దారి తోచలేదు. ప్రసవం అయ్యేదాకా వంటకు కూడా బోరు నీళ్లు వద్దన్నాను. ఆర్వో మర చాలావరకు లోహాల్ని ఆపుతుంది, కానీ అది వదిలే నీళ్లలో ఆ లోహాలే చిక్కగా ఉంటాయి కనుక వాటితో గిన్నెలు తోమవద్దని కూడా చెప్పాను. మేక సంగతి కిందింటావిడతో మాట్లాడాను. "అరటితొక్క తింటే మేకకేమైతదమ్మా?" అని నన్ను ఎగాదిగా చూసింది. ఆవిడ తప్పేం లేదు.

అసలు ఆ బోరులో సీసం ఉందో లేదో ఇంతవరకు ఎవరికీ తెలియదు. పసుపు తెట్టు వట్టి ఇనుము కావచ్చు. జల్ జీవన్ మిషన్ కింద 2019 నుంచి ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీళ్ల పరీక్ష నేర్పుతున్నారు. మంచి పనే. ఆ కిట్లతో ఫ్లోరైడ్, నైట్రేటు, ఇనుము లాంటివి చూడొచ్చు గానీ సీసం, కాడ్మియం తెలియాలంటే ప్రయోగశాలకే పోవాలి. సీసా కూడా వాళ్ల దగ్గరే తీసుకోవాలి, మన పాత కూల్‌డ్రింకు సీసాలు పనికిరావు. మోటారు వేసి కొంతసేపు నీళ్లు పోనిచ్చి అప్పుడు పట్టాలి. ఏ లోహాలు చూడాలో పేర్లతో సహా రాసివ్వాలి. లేదంటే ఉప్పు, గట్టిదనం చూసి "తాగడానికి యోగ్యం" అని కాగితమిచ్చి పంపేస్తారు.

మరదలు సిద్ధమే. ఇంటి యజమాని ఒప్పుకోలేదు. "కాగితం మీద సీసం అని వస్తే రేపు నా ఇల్లు ఎవరు అద్దెకు తీసుకుంటారమ్మా?" అన్నాడు. ఆయన లెక్క ఆయనది. వీధిలో పన్నెండు ఇళ్లకు మూడే బోర్లు. ఎవరి బోరు నీళ్లు పంపాలి, దరఖాస్తు మీద ముందు సంతకం ఎవరిది పడాలి అని వచ్చే ఆదివారం ఆడవాళ్లంతా మా మరదలు వాకిట్లో కూర్చుంటున్నారు. నన్నూ రమ్మన్నారు. సీసాలు మూడు తెచ్చి పెట్టాను.